రెండుసార్లు లాగిన తాడు

దయ్యాలున్నాయని ఎవరూ పోని బావుల్లోంచి కూడా జారిపడ్డ బిందెలు తీసిచ్చినవాళ్లం మేము. మా అన్న మునెప్ప నీళ్లలో మునిగేవాడు, నేను గట్టు మీద తాడు పట్టుకునేవాణ్ణి. పుంగనూరు, గంగవరం చుట్టుపక్కల ఇరవై ఏళ్లు అదే పని. దయ్యం మాటెత్తితే ఇద్దరికీ నవ్వొచ్చేది. అందుకే ఇది చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది.

మా తాడుకు రెండే గుర్తులు. కింద నుంచి అన్న ఒకసారి లాగితే అడుగు తగిలిందని. పై నుంచి నేను రెండుసార్లు లాగితే పైకి రమ్మని.

2008లో మదనపల్లెలో ఎక్స్‌రే తీస్తే అన్న ఊపిరితిత్తిలో గడ్డ కనిపించింది. బెంగళూరులో ఒక ఆసుపత్రిలో కరెంటు, అదే రేడియేషన్, పెట్టాలన్నారు. గాలి పీల్చినప్పుడల్లా గడ్డ కదులుతుందట, ఊపిరి బిగబడితే నిలుస్తుందట. ఇరవై లెక్కపెట్టేదాకా బిగబట్టలేకపోతే గురి తప్పి మంచి భాగం కాలిపోతుంది, అలాగైతే పెట్టలేమని డాక్టరమ్మ ముందే చెప్పేసింది.

రెండు నిమిషాలు నీళ్లలో ఉండే మనిషికి ఇరవై ఒక లెక్కా అనుకున్నాను. కుప్పంలో అక్క ఇంట్లో దిగి రోజూ పొద్దున్నే సాధన మొదలుపెట్టాం. తొమ్మిదికే అన్నకు దగ్గొచ్చేది. వారమైనా పదమూడు దాటలేదు.

"తాడుంటే నిలుస్తాదిరా. వట్టి చేతుల్తో యాడ మునిగేది?" అన్నాడు. నేను పెరట్లోకి పోయి ఏడ్చాను.

అయినా ఒకసారి పెట్టి చూద్దాం రమ్మన్నారు. ఆసుపత్రి గదిలోకి తాడు తేనివ్వలేదు. నేను బయట, టెక్నీషియన్ పక్కన నిలబడ్డాను. ఆయన మైకులో "పట్టుకోండి" అన్నాడు. తెర మీద అన్న ఊపిరి గీత నిలిచింది. ఇరవై అయింది, మిషను ఆగింది. "వదలండి" అన్నాడు. అన్న వదల్లేదు. నలభై. అరవై. టెక్నీషియన్ తలుపు వైపు పరిగెత్తాడు.

అప్పుడు నా అరచేతిలో ఒక్క లాగుడు. చేతిలో ఏమీ లేదు. ఆలోచించకుండానే రెండుసార్లు వెనక్కి లాగాను. తెర మీద గీత కదిలింది.

బయటికి రాగానే అన్న నా మీద విరుచుకుపడ్డాడు. "యాలరా అంత బిరీన లాగితివి? ఇప్పుడే గదా అడుగు తగిలింది!"

నేను లాగానని అన్నకు ఎవరూ చెప్పలేదు. నా అరచేతిలో తాడు ఒరుసుకున్నట్టు ఎర్రటి చార ఉంది. టెక్నీషియన్ కూడా చూశాడు. సాయంత్రం రైలెక్కేదాకా మండుతూనే ఉంది.

మిగతా రోజులన్నీ ఇరవైకి ఇరవై పట్టాడు. ఏం లాభం? గడ్డ అప్పటికే ఎముకల్లోకి పాకిందని తర్వాత తేలింది. శ్రావణం దాటలేదు.

అన్న పోయిన రోజు మధ్యాహ్నం నేను మంచం పక్కనే ఉన్నాను. ఊపిరి ఆగింది. అందరూ చూస్తుండగానే గాలిలోకి చెయ్యి చాచి రెండుసార్లు లాగాను. మళ్లీ రెండుసార్లు. మళ్లీ.

"ఇంగ సాలప్పా, ఇడిసిపెట్టు" అని అక్క నా చెయ్యి పట్టుకుంది.

అవతల బరువేమీ లేదు. ఆ రోజు ఆసుపత్రిలో మాత్రం ఎలా ఉందో నాకు ఇప్పటికీ తెలియదు.