పిడికెడు సన్నబియ్యం

మా నడిపి చెల్లె పోయింది. పొద్దుటి ప్రార్థన చేసుకుని లేస్తుండగా మహబూబాబాద్ దవాఖాన నుంచి ఆమె బిడ్డ ఫోన్ చేసింది. "పెద్దమ్మా, అమ్మ పోయింది" అన్నది. జనగామ నుంచి చెల్లె ఊరు నర్సింహులపేటకు బస్సులో పోతుంటే, ఆమె మొఖం కంటే ముందు ఆమె చెయ్యి యాదికొచ్చింది.

మా క్రైస్తవ సంఘాల్లో ఆడవాళ్లకు ఒక అలవాటుంది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన చిన్న డబ్బాలో వేస్తాం. ఆదివారం ఆ బియ్యం మందిరానికి తీసుకపోతాం. చెల్లె ఆ పిడికెడు ఎన్నడూ తప్పలేదు. కూలికి పోయి అలిసి వచ్చిన రోజూ తీసింది, భర్త పోయి ఇల్లు జరగని రోజుల్లోనూ తీసింది. "నా పూట తగ్గితే ఏమైతది, దేవుని పూట తగ్గొద్దు" అనేది.

కొన్నేళ్ల కింద వాళ్ల సంఘానికి కొత్త పాస్టరు అయ్యగారు వచ్చారు. చదువుకున్నవారు, మంచి గొంతున్నవారు. కానీ వాక్యం మొదలుపెట్టిన కాసేపటికే తిట్లలోకి దిగేవారు. ఆలస్యంగా వచ్చినవాళ్లను, కునికినవాళ్లను, పత్తి ఏరబోయి రానివాళ్లను. ఒక ఆదివారం కానుకల్లోంచి ఒక సంచి పైకెత్తి అందరికీ చూపించారు. "మీరు సన్నబియ్యం తినుకుంట దేవునికి దొడ్డు బియ్యం తెస్తరా? సిగ్గనిపిస్తలేదా?" అన్నారు.

ఆ సంచి చెల్లెది. ఇంట్లో ఆమె తినేదీ ఆ దొడ్డు బియ్యమే. ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. మరుసటి వారం నుంచి దుకాణంలో సన్నబియ్యం కొని తెచ్చి, ఆ పిడికెడు అందులోంచి తీసేది. తను మాత్రం దొడ్డు బియ్యమే వండుకునేది.

చెల్పూర్‌లో ఉండే మా చిన్న చెల్లె ఊరుకునేది కాదు. తిట్లు తినుడు కూడ ఉపవాసమేనా, మా దగ్గరికి వచ్చెయ్యమని ఎగతాళి చేసేది. నడిపిది నవ్వేది. "పోయిన వారం ఏ వాక్యం చెప్పిండ్రో యాదికి లేదే. ఎవర్ని తిట్టిండ్రో మాత్రం వరుసబెట్టి చెప్త" అనేది. నవ్వుతూనే, మందిరంలో ముందు చాప మీది నుంచి వెనక్కి, వెనక నుంచి చెప్పుల దగ్గరికి జరిగింది.

పోయిన వానాకాలం ఆమెకు రొమ్ములో గడ్డ చేతికి తగిలింది. మాకు ఏ కష్టమొచ్చినా మొదట చెప్పుకునేది మందిరంలోనే. లేచి చెప్పుకుంటే అందరూ ప్రార్థన చేస్తారు, నలుగురు ఆడవాళ్లు దవాఖానకు వెంట వస్తారు. చెప్పుకుందామనే పోయింది. ఆమెకంటే ముందు ఒక ముసలవ్వ లేచి మోకాళ్ల నొప్పులన్నది. "ఏ పాపం దాచినవో ముందు అది చెప్పు అవ్వా" అన్నారు అయ్యగారు. కొందరు నవ్వారు. చెల్లె కొంగు సర్దుకుని కూర్చునే ఉండిపోయింది.

క్రిస్మస్‌కు మా ఇంటికొచ్చినప్పుడు నాకు చెప్పింది. అప్పటికి గడ్డ పుండయింది. ఇన్ని నెలలు ఎందుకు దాచినవే అని అడిగాను.

"అందరి ముంగట తిట్లు పడే ఓపిక లేకుండె అక్కా."

డాక్టర్లు చేయగలిగింది చేశారు. ఆలస్యమైందని మాత్రం ప్రతి ఒక్కరూ అన్నారు.

సంఘ పెద్దలెవరైనా ఇది చదివితే ఒక్క మనవి. తప్పును తప్పనొద్దని నేననను. మా పాత అయ్యగారూ తప్పు చెప్పేవారు. ఇంటికొచ్చి, మంచం మీద కూర్చుని, చాయ తాగి మెల్లగా చెప్పేవారు. పోయేటప్పుడు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేవారు. ఆ మాట మాలో నిలిచేది. మైకులో తిడితే మేము తల వంచుతాం, అంతే. తల వంచిన మనిషి మొఖంలో ఏమున్నదో పైన నిలబడ్డ మీకు కనపడదు.

చెల్లెను మట్టి చేసే ముందు, సమాధి దగ్గర అయ్యగారు వాక్యం మొదలుపెట్టారు. ఈమె ఈమధ్య మందిరానికి సరిగా రాలేదని, మీరైనా దేవుని తీర్పుకు సిద్ధపడండని గొంతు పెంచారు. నేను దగ్గరికి పోయాను.

"అయ్యగారూ, ఇయ్యాల ఒక్కపూట మా చెల్లెను తిట్టకుండ పంపుండ్రి."

ఆయన నా దిక్కు చూశారు. పుస్తకం మూసి, ప్రార్థన మాత్రం చేశారు. ఆయన కోసమూ నేను రోజూ ప్రార్థిస్తున్నాను. కష్టంగానే ఉంది.

ఆ సాయంత్రం చుట్టాలకు వండాలి. చెల్లె బిడ్డ పెద్ద డబ్బాలోంచి దొడ్డు బియ్యం చేటలో పోసింది. తల్లిని చూసి నేర్చిన చెయ్యి, తెలియకుండానే అందులోంచి ఒక పిడికెడు తీసింది. పక్కన చిన్న డబ్బా మూత తెరిచింది. తల్లి మందిరానికి తీసుకపోలేకపోయిన సన్నబియ్యం అంచుదాకా ఉన్నది. ఎసరు పొంగి మంట మీద పడుతున్నది. పిల్ల ఆ డబ్బా మీద దొడ్డు బియ్యం పిడికిలి పట్టుకుని, విప్పకుండా, అట్లనే నిలబడింది.