ఓషుధ్ చాలు

“నవ్వుతా అన్నాడు బాబూ డాక్టరు. ‘ఓషుధ్ చాలు’ అన్నాడు. నాను ఊరు నుంచి వచ్చి అప్పటికి మూడు నెల్లు కాలేదు, అయినా ఆ రెండు ముక్కలూ నాకు తెలిసిపోనాయి. ఎంత సంబరపడిపోనానో.”

నారాయణమ్మ ఇది చెబుతూ మాత్రలు పొట్లాలు కడుతూనే ఉంది. కట్టిన పొట్లం ఒకటి పక్కన పెట్టి, మాటిమాటికీ గుమ్మం వైపు చూస్తోంది. బెంగాల్ రేవుపేట వాట్‌గంజ్‌లో, పాడా క్లబ్బు అనే పేట కుర్రాళ్ళ క్లబ్బు గదిలో వారానికి మూడు రోజులు నడిచే ఉచిత వైద్యశాల అది. క్యారంబోర్డును రెండు స్టూళ్ళ మీద వేసి, దాని మీదే మందులు పెడతారు. రేవులో పర్మనెంటు వాళ్ళకు ఆసుపత్రి కార్డు ఉంది. రోజుకూలీకీ, అతని ఇంట్లోవాళ్ళకీ ఈ బల్లే దిక్కు.

ఆమె ఇక్కడ కూర్చోబట్టి పదహారేళ్ళు. వచ్చిన ప్రతి తెలుగు మనిషినీ రెండు ప్రశ్నలు అడుగుతుంది. డాక్టరు ఏటన్నాడు? అంటే ఏటి? జవాబు విన్నాకే పొట్లం చేతిలో పెడుతుంది. క్లబ్బు వాళ్ళు ఆమెను ‘అంటేటి మాసీ’ అని, పిన్నిని పిలిచినట్టు పిలిచి ఏడిపిస్తారు. ఆ రెండో ప్రశ్న ఎందుకమ్మా అని నేను అడిగినందుకే ఈ మాటలు మొదలయ్యాయి.

భర్త కూర్మయ్య బస్తాలు మోసేవాడు. కళింగపట్నం పక్క పల్లె నుంచి వచ్చి అప్పటికే పదేళ్ళు, బెంగాలీలోనే తగువులాడేవాడు. ఎనభై రెండులో దగ్గు పట్టుకుంది. టీబీ అన్నారు. అతణ్ణి చూసుకోవడానికి ఈమె ఊరు నుంచి వచ్చింది. ఏడాది పైనే మందు మింగాలని ఇక్కడ మొదట్లోనే చెప్పారట. నాలుగో నెలకు దగ్గు తగ్గింది, అన్నం సయించింది, మళ్ళీ బస్తా ఎత్తాడు. పని మానితే మేస్త్రీ ఇంకొకణ్ణి పెట్టుకుంటాడని, ఆ నెల మందుకు పెళ్ళాన్ని పంపాడు.

మనిషి కోలుకున్నాడని విని డాక్టరు ఆ మాట అన్నాడు, ఒక చీటీ రాసిచ్చాడు. ఓషుధ్ అంటే ఔషధం. చాలు అంటే చాలు. తెలియనిదేముంది? దాని వెనక ఇంకో చిన్న ముక్క కూడా అన్నాడు గానీ అది ఆమె పట్టించుకోలేదు. మందుల బల్ల దాటుకుని ఇంటికి వచ్చేసింది. చీటీ విడుదల కాగితం అనుకుని, దానికి బొట్టు పెట్టి దేవుడి పటం వెనక దాచింది. చేపల పులుసు వండి, మొగుడు రాగానే “మందు చాలంట” అంది. ఏడాదన్నారు గదా అని అతను ఒక్కసారి అడిగాడు. స్వయానా డాక్టరే అన్నాడని ఈమె చెబితే, తన ఒళ్ళు గట్టిదని మురిసిపోయి ఇంకో ముద్ద కలుపుకున్నాడు.

ఐదు నెలల తర్వాత రేవులో బస్తా దించుతూ నెత్తురు కక్కుకున్నాడు.

ఇక్కడికి వచ్చేసరికి నారాయణమ్మ చేతులు ఆగాయి.

మందెందుకు మానేశావని డాక్టరు కోప్పడ్డాడు. మీరే గదా మానమన్నారని కూర్మయ్య అతని భాషలోనే తిరిగి కోప్పడ్డాడు. డాక్టరు కాదంటుంటే, అంత చదివినవాడు అబద్ధమాడుతున్నాడని ఈమెకు ఒళ్ళు మండింది. ఇంటికి పరిగెత్తి, బొట్టు పెట్టిన చీటీ తెచ్చి సాక్ష్యంగా బల్ల మీద పెట్టింది. అతను విప్పి చూశాడు. అందులో ఉన్నవి ఆ తర్వాత మూడు నెలల మందులు.

తను ఏమన్నానో చెప్పమన్నాడు డాక్టరు. “‘ఓషుధ్ చాలు’ అన్నావు” అంది ఆమె. అని, అరచెయ్యి అడ్డంగా ఊపి చూపించింది.

డాక్టరు ఆ చేతినే చూస్తూ ఉండిపోయాడు. కూర్మయ్య మాత్రం మెల్లగా ఆమె వైపు తిరిగాడు.

“‘ఓషుధ్ చాలు థాక్‌బే’ అన్నాడేటే? చాలు అంటే ఈళ్ళ బాసలో ఆపకుండా నడిపించమనే.”

బల్ల మీది పెన్ను దొర్లి కింద పడితే తీసినవాళ్ళు లేరట.

నలభై ఏళ్ళుగా ఈ ఊళ్ళో మిల్లు చాలు, పంఖా చాలు అని వింటున్నాను. ఇంట్లో కంచం ముందు చాలు అంటూనే ఉన్నాను. ఆ రెండూ ఒకదానికొకటి తగిలి ఒక మనిషి పడిపోవచ్చని ఏనాడూ తోచలేదు.

“ఆ మాట బెంగాలీలోనే ఇంటికి మోసుకెల్లుంటే ఆడికి తెలిసిపోయేది బాబూ. నాను తెలుగు సేసి సెప్పినాను. తెలివైనదాన్ని గదా.”

కూర్మయ్య తిట్టలేదట. తిట్టి ఉంటే బాగుండేదంది. పాత మందులు మళ్ళీ అతనికి పనిచెయ్యలేదు. సూదులు పొడిచారు. ఆ వానాకాలం దాటలేదు. కర్మకాండ అయిన మర్నాడు ఆమె వచ్చి ఈ బల్ల దగ్గర కూర్చుంది. ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు. ఆ డాక్టరు ఉన్నన్నాళ్ళూ మళ్ళీ ఆ మాట వాడలేదు, ఆపొద్దు అనే అన్నాడు. అయినా ఈమె అడగడం మానలేదు.

“ఏటన్నాడు అంటే అందరూ సరిగానే సెప్తారు. అంటే ఏటి అన్న కాడే మనుషులు పోతారు.”

గది కట్టేసే వేళయింది. పక్కన పెట్టిన పొట్లం తీసి నా చేతిలో పెట్టింది.

“ఇది అప్పలసూరి మందు. కొత్తగా పట్టుకుంది ఆడికి, అదే జబ్బు. సోమారం రావాల, ఇయ్యాల శుక్రారం. ఆడి పెళ్ళాం సుందరి ఊరు నుంచి వచ్చి రెండు నెల్లు. పోయిన్నెల ఆ గుంట వచ్చిన రోజు నాకు జొరం, ఈ బల్ల కాడ లేను. డాక్టరమ్మా కొత్తదే. నా మోకాళ్ళు ఆ మెట్లెక్కవు, నువ్వెల్లు బాబూ. పంపు ఎదర మేడ, మూడో అంతస్తు. డాక్టరమ్మ ఏటన్నాదని అడక్కు. అంటే ఏటి అని అడుగు. అది సెప్పినదాకా గుమ్మంలోంచి కదలకు.”