కార్బైడు దీపానికి హారతి

మొన్న మా అన్నయ్య మనవడు తన పాటల జట్టు కోసం రంగురంగుల స్టేజీ లైట్లు కొనుక్కొచ్చాడు. జట్టంటే పెద్ద పటాలమేం కాదు, గిటారుకొకడు, డోలక్కుకొకడు, కీబోర్డుకొకడు, పాడేందుకు వీడు. గుడివాడలో ఎవరో ఆర్కెస్ట్రా మూసేస్తూ అమ్ముకుంటుంటే చవగ్గా దొరికాయని మురిసిపోతూ వాటిని హాల్లో బల్లమీద వరసగా పెట్టి, కుంకుమ బొట్లు కూడా పెట్టేసి, "నానమ్మా, కొత్త సామాను, నీ చేత్తో హారతియ్యి" అని కేకేశాడు. మా వదిన గుమ్మందాకా వచ్చి ఆ లైట్లవంక ఒకసారి చూసి, పెరట్లోకి వెళ్ళి నూతిగట్టుమీద కూర్చుంది. వాడు బిక్కమొహం వేశాడు. తాతయ్యకి ఏదో జాతరలో కళ్ళు పోయాయని తప్ప పాపం వాడికేం తెలుసు? నాకా వాడికి చెప్పడానికి నోరు రాలేదు. మీకైతే చెప్పగలను, ఎందుకంటే నా ఈడువాళ్ళకి కార్బైడు దీపం కంపు ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

అవి యుద్ధం రోజులు. బందరులో మా నాన్నగారు బడిపంతులు, ఆయన తండ్రీ పంతులే, కాబట్టి అన్నయ్యా పంతులే కావాలని ఇంట్లో అందరూ ఆయన పుట్టకముందే తీర్మానించుకున్నారు. ఆయన మాత్రం పాఠం చెప్పే బల్ల దగ్గర కంటే హార్మనీ పెట్టె దగ్గరే బతికాడు. మా అక్కయ్య మొగుడు, అంటే మా బావ, ఫిడేలు వాయించేవాడు, తబలా నాది, పాట మా వదినది. సంసారి ఇల్లాలు నలుగురిలో కూర్చుని పాడటమేమిటని చుట్టాలంతా బుగ్గలు నొక్కుకున్నారు. నొక్కుకున్నవాళ్ళే శ్రీరామనవమి పందిట్లో అందరికంటే ముందొచ్చి చాపలు పరుచుకునేవాళ్ళు. ఆ వయసులో నాకు వాళ్ళను చూస్తే ఒళ్ళు మండేది, ఇప్పటికీ ఆ మంట పూర్తిగా చల్లారిందని చెప్పను.

మా జట్టుకున్న పెద్ద లోటు దీపాలు. లాంతర్లు పెడితే వదిన మొహం ముందు వరసవాళ్ళకే కనపడేది, వెనకవాళ్ళు "ఎవరమ్మా ఆ పాడేది, కాస్త లేచి నిలబడు తల్లీ" అని అరిచేవాళ్ళు. కాగడాలు పెడితే పొగకి ఆవిడ గొంతు పట్టేసేది. పెట్రోమాక్సు లైటు అద్దెకు తెస్తే దానితోపాటు గాలి కొట్టే మనిషినీ వెంటబెట్టుకుని మేపాలి, ఆ మహానుభావుడు సరిగ్గా పాట మంచి పట్టులో ఉన్నప్పుడే వేదికెక్కి బుస్సు బుస్సుమని కొట్టేవాడు. పైగా కిరసనాయిలు రేషనైపోయింది, ఆ లైటులో ఒత్తిలా కట్టే మేంటిల్ గుడ్డ ఒకటి రాలితే ఊరంతా గాలించినా ఇంకొకటి దొరికేది కాదు. అన్నయ్యకు ఈ దీపాల బెంగ మనోవ్యాధిగా పట్టుకుంది. పాడే మనిషి మొహం కనపడకపోతే పాట సగమే వినపడుతుందిరా అనేవాడు.

అప్పుడే దివిసీమలో, సముద్రానికి దగ్గరగా ఉన్న, చేపలు పట్టుకునే పల్లెకారుల ఊరొకదాన్నుంచి అమ్మవారి జాతరకు పిలుపొచ్చింది. ఆ ఊరి కచేరీ కుదిరితే చుట్టుపక్కల రేవులవాళ్ళందరూ పిలుస్తారు. కుదరకపోతే హార్మనీ పెట్టె అటకెక్కించి బళ్ళో చేరతానని అన్నయ్య నాన్నగారికి మాటిచ్చేశాడు. ఆ ఒక్క కచేరీమీద ఆయన బతుకంతా ఆనుకుని ఉంది. ఇక అద్దె దీపాలు వద్దు, సొంతవే ఉండాలని పట్టుబట్టాడు. బేరాలంటే ప్రాణం పెట్టే మా బావ బందరు బజారంతా తిరిగి, ఎత్తిపోయిన ఒక డ్రామా కంపెనీవాళ్ళు వదిలించుకున్న కార్బైడు దీపాలు పట్టుకొచ్చాడు. ఒక రేకు డబ్బా, అందులో అడుగున కార్బైడు గడ్డలు, పైనుంచి చుక్క చుక్కగా పడే నీళ్ళు. గడ్డమీద నీళ్ళు పడితే గ్యాసు పుడుతుంది, అది రబ్బరు గొట్టాల్లోంచి వెళ్ళి వేదికకు కట్టిన మూతుల దగ్గర వెలుగుతుంది. కుళ్ళిన వెల్లుల్లి కంపు. వెలుగు మాత్రం పాలలా తెల్లగా ఉండేది. ఇంటి పెరట్లో అవి అమ్మిన దుకాణంవాడి మనిషే వచ్చి వెలిగించి చూపిస్తే అన్నయ్య వదినను ఎదురుగా నిలబెట్టి, వీధి చివరిదాకా వెళ్ళి అక్కణ్ణించి చూసి, చిన్నపిల్లాడిలా పరుగెత్తుకుంటూ వచ్చాడు. ముక్కుపుడక కూడా కనపడుతోందట.

ఆ మనిషి వెళ్తూ వెళ్తూ డబ్బా మూత బిగువుగా లేదని, దాని దగ్గరికి నిప్పు రానివ్వవద్దని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. బావ ఆ మాట మనసులో పెట్టుకున్నాడు. పెట్టుకోలేదని ఎవరైనా అంటే నేనొప్పుకోను.

రేవు దాటి, బండిమీద ఆ ఊరు చేరేసరికి పొద్దు వాలుతోంది. వేదిక పక్కనే డబ్బా దింపాం. పల్లెకారుల్లో ఆడా మగా చుట్టలు కాలుస్తారని, అందులోనూ కొందరు నిప్పును నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తారని మీకు తెలిసే ఉంటుంది. బావ కర్ర పుచ్చుకుని డబ్బాచుట్టూ కాపలా తిరుగుతూ, నోట్లో చుట్ట ఉన్నవాణ్ణల్లా తరిమాడు. "దూరం, దూరం! నిప్పు రాకూడదు!" అని ఆయన అరుస్తుంటే ఊరి కులపెద్ద కూడా నవ్వుతూ తన చుట్ట ఇసకలో గుచ్చేసి, "మీ దీపం మా అమ్మోరికంటే మడిగా ఉందేవిటండీ పంతులుగారూ" అన్నాడు. అందరం నవ్వాం. అన్నయ్యా నవ్వాడు.

మా ఇంట్లో ఒక ఆచారముంది. ఏ వాయిద్యం కొత్తగా వచ్చినా మొదటిసారి పలికేముందు పసుపు, కుంకుమ పెట్టి వదిన హారతివ్వాలి. నా తబలాకిచ్చింది, బావ ఫిడేలుకిచ్చింది. ఆ దీపాలు కూడా మా జట్టులో కొత్త వాయిద్యమే కదా. అన్నయ్య డబ్బామీదికి వంగి నీటి బిరడా తిప్పి, మూత సరిచేస్తున్నాడు. నేను వేదికమీద తబలా బిగిస్తున్నాను. వదిన తలారబోసుకుని, పసుపు చీర కట్టుకుని, పళ్ళెంలో కర్పూరం వెలిగించుకుని వచ్చింది. అంతమందిని తరిమిన మా బావ, కర్ర పక్కనపెట్టి, చెప్పులు విడిచి, వదినకు దారిచ్చి, చేతులు జోడించి నిలబడ్డాడు.

హారతి నిప్పని మాలో ఎవరికి తోచింది? నిప్పంటే చుట్ట, నిప్పంటే పొయ్యి, నిప్పంటే బీడీ. హారతి దేవుడు. చదువుకున్నవాళ్ళమే, రెండు తరాలుగా పంతుళ్ళ ఇంటివాళ్ళమే, ఒక్కడికంటే ఒక్కడికి స్ఫురించలేదు. అన్నయ్య తలెత్తి వదినను చూసి నవ్వాడు. ఢామ్మని తెల్లటి మంట లేచింది.

పల్లెకారులే ఆదుకున్నారు. తడిపిన తెరచాప గుడ్డతో అన్నయ్యను చుట్టి, ఉన్నపళాన పడవెక్కించి, కాలవల వెంబడి బందరు ఆసుపత్రికి చేర్చారు. దారిపొడుగునా ఆయన కేకలు పెట్టలేదు, వదినకేమైందని మాత్రం అడుగుతూనే ఉన్నాడు. వదినకు కుడి అరచెయ్యి కాలింది, అంతే. ఆ 'అంతే' అన్న మాటను ఆవిడ బతుకంతా మోసింది. అన్నయ్య ప్రాణం దక్కింది గానీ, కళ్ళు రెండూ పోయాయి.

తరవాత గుడివాడ వచ్చేశాం. నేనొక గుమాస్తా పని చూసుకున్నాను. అన్నయ్య పోయేదాకా ఊళ్ళో పిల్లలకు హార్మనీ నేర్పుతూ బతికాడు. వదిన మళ్ళీ నలుగురిలో పాడలేదు, ఇంట్లోకి కర్పూరం రానివ్వలేదు. గుళ్ళో హారతిచ్చే వేళకు లేచి బయటికొచ్చేసేది, చూసినవాళ్ళు ఈవిడకెంత పొగరో అనుకునేవాళ్ళు. అనుకోనీ. బావ పోయేదాకా ఒకటే మాట: "నేను చుట్టలనే చూశానురా, చుట్టలనే చూశాను."

అన్నయ్య ఎవర్నీ ఒక్క మాట అనలేదు. పైగా వదినను ఓదార్చబోయి, "నా కళ్ళు చిట్టచివర చూసింది హారతి వెలుగులో నీ మొహాన్నే, అంతకంటే ఏం కావాలే" అనేవాడు. ఆ మాటకు ఆవిడ ప్రతిసారీ కొంగు నోట్లో కుక్కుకునేది. మనం ప్రేమతో అన్న మాటే ఒక్కోసారి ఎదుటివాళ్ళకు వాత పెట్టినట్టవుతుందని ఆయనకు తెలియలేదు, నేనూ చెప్పలేకపోయాను.

మొన్న నేనిదంతా తలుచుకుంటుండగా వదిన నూతిగట్టుమీంచి లేచి లోపలికొచ్చింది. ఆ లైట్లముందు నిలబడి, "ఇందులో నిప్పేవైనా ఉంటుందా నాయనా?" అని అడిగింది. వాడు నవ్వాడు. "నిప్పెక్కడిది నానమ్మా, అంతా కరెంటే." అయితే వెయ్యి, చూస్తానంది. వాడు మీట నొక్కాడు. ఎర్రటి వెలుగు సూటిగా ఆవిడమీద పడింది. తెల్లజుట్టు, ముడతలు, బోసి ముక్కు అన్నీ ఎర్రబడ్డాయి. రెప్పకూడా వెయ్యకుండా ఆవిడ అలాగే నిలబడితే, అన్నయ్య చివరిసారి చూసింది ఈ మొహాన్నే కదా అనిపించింది నాకు.

"పాడేవాళ్ళ మొహమ్మీద పడేట్టు పెట్టుకో నాయనా," అంది. "వెనకవాళ్ళకి కనపడాలి." అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఈ కాలపు దీపానికి కంపు లేదు, పొగ లేదు, కర్ర పట్టుకుని కాపలా కాసే బావ అక్కర్లేదు, దానిముందు ఎన్ని హారతులు వెలిగించినా ఎవరికీ ఏమీ కాదు. ఇలాంటిదొక్కటి ఆ రోజు మాకు దొరికి ఉంటే అని ఈ వయసులో అనుకోవడం వెర్రితనమే. వాడు లైటార్పేసి, హారతి సంగతి మరిచిపోయి, ఏదో పాట కూనిరాగం తీస్తూ తీగలు చుట్టుకున్నాడు. వంటింట్లోంచి ఎవరో ఆ కూనిరాగాన్నే చాలా సన్నగా అందుకున్నట్టు నాకు వినపడింది. వెళ్ళి చూసే ధైర్యం లేక అక్కడే కూర్చున్నాను.