గరిటె చేతులు మారిన మధ్యాహ్నం

మా ఇంటిని ఎవరైనా ఒక పని మీద అడిగి చాలా ఏళ్లయింది. విందుకో వ్రతానికో పిలిస్తే వచ్చేవాళ్లకు మిషిగన్‌లోని ఈ ఫార్మింగ్టన్ హిల్స్‌లో కొదవలేదు. "మీ ఇంట్లో అయితే ఈ మాట మాట్లాడుకోగలం" అని అడగడం వేరు. మా తాతగారి రోజుల్లో మా హాలు ఉన్నదే అందుకు. అన్నదమ్ములు విడిపోయినా, రెండు ఊళ్లు కొట్టుకున్నా చివరికి మా దివాణానికే వచ్చేవారు. ఆ దివాణం ఎలా పోయిందో చెప్పుకోవడం నాకు ఇష్టం ఉండదు. పోయింది, అంతే. నాకు మిగిలినవి మా అమ్మ పట్టుచీరలు కొన్ని, ఎవరి ముందూ నడుం వంచని అలవాటు ఒకటి. ఇక్కడ ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యాను. మావారు పోయాక పెద్ద ఇల్లు అమ్మేసి చిన్న కాండోలోకి మారాను. వంటగదికీ హాలుకీ మధ్య గోడ లేని ఇల్లు. మొదట్లో నాకది మర్యాద తక్కువగా తోచేది.

అలా అడిగినామె తెలుగామె కాదు. సైప్రస్ దీవిలో పుట్టిన గ్రీకు క్రైస్తవురాలు. మా ఇంటికి దగ్గర్లోనే షాపుల వరుసలో బట్టలు సరిచేసే దుకాణం నడుపుతుంది. చాలా ఏళ్ల కిందట ఒక జాకెట్టు వదులు చేయించుకోవడానికి వెళ్లాను. చీర జరీ చూసి, "ముట్టుకోవచ్చా?" అని అడిగి, చేతులు తుడుచుకుని మరీ ముట్టుకుంది. స్నేహం అక్కడ మొదలైంది. నన్ను "మహారాణీ" అని పిలుస్తుంది. వెక్కిరింతే. కానీ ఇంకెవరూ అలా పిలవరు కాబట్టి నేను వద్దనలేదు. మావారు పోయిన నెలంతా దుకాణం మూశాక వచ్చి నా పక్కన కూర్చుని, ఓదార్పు మాటలు ఒక్కటీ చెప్పకుండా అంచులు కుట్టుకునేది. మా మాటలన్నీ ఇంగ్లీషులోనే. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

ఆమె భర్తదీ ఆ దీవే, ఆ ఊరే. అతను టర్కీ భాష మాట్లాడే ముస్లిం. వాళ్ల ఊళ్లో చర్చీ ఉండేది, మసీదూ ఉండేది. ఆలివ్ కోతకు రెండు మతాలవాళ్లూ కలిసే వెళ్లేవారట. పదిహేడేళ్ల వయసులో ఆమె నూనె మిల్లు వెనక అతనితో మాట్లాడుతుండగా అన్న చూశాడు. అప్పటికే దీవిలో రెండు వర్గాలవాళ్లు ఒకరినొకరు చంపుకుంటున్నారు. అన్న చెయ్యెత్తలేదు. ఇంటికి వెళ్లి తల్లికి చెప్పాడు. ఆమెను గదిలో పెట్టి తాళం వేశారు. ఆ తర్వాత యుద్ధం వచ్చి దీవిని అడ్డంగా కోసేసింది. అతనివాళ్లు ఉత్తరానికి పోయారు, ఆమెవాళ్లు దక్షిణాన మిగిలారు. మధ్యలో ముళ్లకంచె, సైనికులు.

ఆమె కుట్టుపని పేరు చెప్పి లండన్‌లో మేనత్త దగ్గరికి వెళ్లింది. అతను ఇంకో దారిన అక్కడికే చేరాడు. చర్చిలోనూ కాదు, మసీదులోనూ కాదు, ఒక ప్రభుత్వ కార్యాలయంలో పెళ్లి చేసుకున్నారు. డెట్రాయిట్ కార్ల ఫ్యాక్టరీలో అతనికి పని దొరికితే ఇటు వచ్చేశారు. ఊరి నుంచి వచ్చిన కబురు ఒక్కటే: మాకు కూతురు లేదు.

మొన్నటి వసంతంలో ఆమె అన్న షికాగోలో ఉన్న కొడుకు దగ్గరికి వచ్చాడు. డెబ్బై అయిదు దాటిన మనిషి, గుండె ఆపరేషన్ అయినవాడు. చెల్లెల్ని చూస్తానన్నాడట, కానీ ఆమె భర్త ఉన్న గడప తొక్కనన్నాడట. భర్త లేకుండా చూడనని ఈమె పట్టు.

"హోటల్లో కలవండి," అన్నాను.

"హోటల్లో ఎవరికి కోపమొచ్చినా లేచి వెళ్లిపోతారు. మీ ఇంట్లో అయితే కుదరదు. నువ్వు గ్రీకువి కాదు, టర్కువి కాదు. పైగా నువ్వు కూర్చునే తీరు చూస్తే ఎవడికైనా గొంతు తగ్గుతుంది." నోట్లో గుండుసూదులు పెట్టుకుని మాట్లాడుతోంది. తర్వాత వాటిని తీసి మెల్లగా అంది: "వాడు ఈసారి మా ఆయనతో మాట్లాడకుండా వెళ్లిపోతే, ఇంక ఈ జన్మకి అంతే, మహారాణీ. పుట్టింటివాళ్లలో నాకు మిగిలింది వాడొక్కడే."

ఆ రాత్రి, షికాగో దగ్గర షామ్‌బర్గ్‌లో ఉన్న మా అమ్మాయికి ఫోన్‌లో చెప్పాను. అది ఇక్కడే పుట్టి పెరిగింది.

"అమ్మా, సీరియస్‌లీ? వాళ్ల ఫ్యామిలీ డ్రామాలో నువ్వెందుకు ఇన్వాల్వ్ అవుతున్నావు? ఆ అంకుల్స్ ఇద్దరూ ఫైట్ చేస్తే?"

"నా ఇంట్లో చెయ్యరు."

"హౌ డు యూ నో?"

"నా ఇల్లు కాబట్టి."

"ఓ గాడ్. సరే, ఫోన్ చార్జ్ చేసి పక్కన పెట్టుకో. ప్లీజ్."

మా తాతగారి పద్ధతులు నాకు తెలుసు. దూరం నుంచి వచ్చినవారిని ముందు కూర్చోబెట్టాలి. మంచినీళ్లు ఇవ్వకుండా అసలు మాట ఎత్తకూడదు. ఇంటివాళ్లు, అడిగితే తప్ప నోరు విప్పకూడదు. ఏం పెట్టాలన్నదే ఆలోచించాను. రెండు కుటుంబాలు మొదటిసారి ఎదురెదురుగా కూర్చోవడమంటే మాకు పెళ్లిచూపులే. యాభై ఏళ్లు ఆలస్యమైతే అయింది. పెళ్లిచూపులకు కేసరి చేస్తాం.

"వాడు ఈస్టర్ ముందు ఉపవాసాల్లో ఉన్నాడు. నెయ్యి వద్దు, పాలు వద్దు," అంది ఆమె.

"నూనెతో కేసరా? మా వంశంలో ఎవరూ చెయ్యలేదు."

"మా అన్న దేవుడి మీద కూడా పంతం పట్టి ఉపవాసం ఉంటాడు. నూనెతోనే చెయ్యి. బాదం పప్పులు, దాల్చినచెక్క కూడా వెయ్యి."

సరేనన్నాను. కేసరిలో దాల్చినచెక్క వెయ్యడం నా చేతికి కొత్త.

ఆ రోజు మధ్యాహ్నం రెండు గంటలకు రమ్మన్నాం. భార్యాభర్తలు సమయానికి వచ్చారు. అతను కోటు వేసుకుని, తల నున్నగా దువ్వుకుని, కిటికీ దగ్గర నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు. రెండున్నర అయింది. ఆమె తన గాజు ఒకటి తీసి పెట్టుకుంటూ, "రాడు. నాకు తెలుసు, రాడు," అంటోంది. మూడవుతుండగా కారు ఆగింది. షికాగో గడియారానికీ మా గడియారానికీ ఒక గంట తేడా. తండ్రీ కొడుకులు ఆ సంగతి మరిచిపోయారు. కొడుకు లోపలికి రాలేదు. "సాయంత్రం వస్తాను, నాన్నా" అని గుమ్మంలోనే దింపి వెళ్లిపోయాడు.

వచ్చినాయన పొడగరి. మెడకు టై, చేతిలో కర్ర. చెల్లెల్ని చూసి ఆగిపోయాడు. ఆమె కూడా కదల్లేదు. నేను పెద్ద కుర్చీ చూపించి మంచినీళ్లిచ్చాను. తాగి, నా వైపే చూస్తూ ఇంగ్లీషులో అన్నాడు: "మేడం, నేను మా చెల్లెల్ని చూడటానికి వచ్చాను. ఆమె ఒక్కదాన్నే."

"నేను ఒక్కదాన్నే దొరకను," అంది ఆమె.

కిటికీ దగ్గర నుంచి భర్త గ్రీకులో ఏదో అన్నాడు, స్వాగతం లాంటి మాట. ఆ ఊరివాడే కదా, ఆ ఊరి గ్రీకు అతనికి బాగా వచ్చు. అన్న తల తిప్పలేదు.

మాట్లాడటానికి నాకు అనుమతి లేదు. వంటగదిలోకి వెళ్లి బాణలిలో నూనె పోసి రవ్వ వేశాను. కేసరి వేడిగా పెట్టాలని పొయ్యి ముందే ముట్టించలేదు. గోడ లేని ఇల్లు కాబట్టి అంతా కనిపిస్తూనే ఉంది. అన్నాచెల్లెళ్లు గ్రీకులో మొదలుపెట్టారు. ఇద్దరి గొంతులూ పెరిగాయి. నేను గరిటె తిప్పుతూనే ఉన్నాను. రవ్వ ఎర్రబడి వాసన వచ్చేసరికి, భర్త గబగబా వచ్చి వంటగది అంచున ఆగాడు. ముఖం పాలిపోయింది.

"ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు. ఇది శుభానికి చేసేది."

"మా ఇళ్లలో మనిషి పోతే రవ్వ వేయిస్తాం. ఆ వాసన వీధి దాకా వెళ్లాలి, చనిపోయినవారికి చేరాలి అంటారు," అన్నాడు. అప్పటికి గానీ అతనికి ఊపిరి తిరగలేదు.

హాల్లోంచి అన్న అన్నాడు: "మాకు చావుకి కాదు, ఉపవాసాలకి. మా అమ్మ నూనెతోనే చేసేది." ఆ మాట ఇంగ్లీషులో అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు. అక్కడి నుంచి అందరూ ఇంగ్లీషులోకే మారారు.

"అమ్మ పోయినప్పుడు ఈయన వేయించాడు," అంది చెల్లెలు.

అన్న ఆమె వైపు తిరిగాడు. "నీకు ఎవరు చెప్పారు అమ్మ పోయిందని?"

"నువ్వు మాత్రం చెప్పలేదు. పూడ్చేశాక లండన్ అత్త కూతురు చెప్పింది."

"చెప్తే ఏం చేసేదానివి?"

"సమయానికి ఏడ్చేదాన్ని."

ఆయన కర్ర నేలకు నొక్కి పెట్టాడు. "ఇతను మా అమ్మ కోసం వేయించాడా? ఇతన్ని తిట్టకుండా మా అమ్మకి ఒక్క రోజు గడవలేదు."

"తెలుసు," అన్నాడు భర్త. "నా ముఖం మీదే తిట్టింది. కానీ అంతకుముందు ఆలివ్ కోతల్లో తన రొట్టె సగం విరిచి నాకు పెట్టేది. నాకప్పుడు ఎనిమిదేళ్లు. ఆ తల్లి కోసం వేయించాను."

"ఇవన్నీ మాటలు. ఎవరు చూశారు?"

అప్పుడు నాకు గుర్తొచ్చింది. కొన్నేళ్ల కిందట ఒక ఆదివారం అతను మా తలుపు కొట్టి, మూత పెట్టిన ప్లేటు ఒకటి ఇచ్చాడు. లోపల కేసరి లాంటిది. నేను నవ్వుతూ, "ఏమిటి శుభవార్త? మనవడా, మనవరాలా?" అని అడిగాను. అతను, "తినండి, ప్లీజ్," అని మాత్రం అని పక్కింటికి, అలా ఈ వరుసలో ప్రతి ఇంటికీ వెళ్లాడు. ఇలా పంచుతున్నాడంటే సంతోషమేదో దాచుకున్నారు కాబోలనుకున్నాను.

ఇంటివాళ్లు అడిగితేనే మాట్లాడాలి. ఎవరు చూశారని ఆయన అడిగాడు కదా.

"నేను చూశాను," అన్నాను. "నాకు తెచ్చిచ్చాడు. ఈ వరుసలో ప్రతి ఇంటికీ ఇచ్చాడు. ఎందుకో తెలియక నేను అభినందనలు చెప్పాను. అయినా ఆయన కాదనలేదు, మీ అమ్మగారి పేరు చెప్పి నా జాలి అడగలేదు. నేను తిన్నాను. అది నిజం."

ఆయన నన్ను చాలాసేపు చూశాడు. నేనూ చూపు దించలేదు. తర్వాత లేచి, కర్ర కుర్చీకి ఆనించి, వంటగదిలోకి వచ్చాడు. అతిథులు మా వంటింట్లో అడుగు పెట్టరు. అది మా అమ్మమ్మ నాటి నుంచి ఉన్న కట్టుబాటు. ఇక్కడికి వచ్చాక కూడా తప్పలేదు. ఆయన చెయ్యి చాచాడు. నేను గరిటె ఇచ్చేశాను.

"ఏం చెయ్యాలి?" అని అడిగాడు. నన్ను కాదు.

"తిప్పుతూ ఉండాలి," అన్నాడు భర్త. "ఆవిడ గురించి మనసులో ఒక మంచి మాట అనుకోవాలి. అయ్యాక ఇంకొకరికి ఇవ్వాలి."

ఆయన తిప్పాడు. పెదవులు కదిలాయి. శిలువ గుర్తు వేసుకోబోయి ఆగాడు. కుడిచేత్తోనే వేసుకోవాలి, ఆ చేతిలో గరిటె ఉంది. ఆపితే రవ్వ మాడుతుంది. ఆయన పక్కకు చూడకుండానే గరిటె చాచాడు. భర్త లోపలికి అడుగు వేసి అందుకున్నాడు. ఒకాయన నుదుటి నుంచి గుండె దాకా చెయ్యి తిప్పుకుంటుంటే, ఇంకొకాయన తన ప్రార్థన గొణుక్కుంటూ రవ్వ తిప్పుతున్నాడు. చెల్లెలు సోఫాలో కూర్చుని రెండు చేతులతో ముఖం కప్పుకుంది. మరిగే నీళ్లు పొయ్యాల్సింది నేనే. పోశాను.

"దాల్చినచెక్క చాలదు. అమ్మ ఇంకా వేసేది," అన్నాడు అన్న, నేరుగా అతని ముఖం చూసి.

"అది మేడం వంట. నన్నంటే ఎలా?" అన్నాడు అతను.

అన్న గొంతులో నవ్వు లాంటిది వచ్చి దగ్గుగా మారింది. నలుగురం తిన్నాం. నూనె కేసరి అంత చెడ్డగా ఏం లేదు. ఆయన రెండోసారి వడ్డించుకుని, జేబులోంచి ఫోన్ తీసి కొడుకుతో చెప్పాడు: "ఇవాళ రావద్దు. చెల్లెలింట్లో ఉంటాను." తర్వాత నా వైపు తిరిగి, తల కొంచెం వంచి, "మేడం, మీది మంచి ఇల్లు," అన్నాడు.

ఆ మాట మా తాతగారి హాల్లో ఎంతమంది అని ఉంటారో. నేను పుట్టేసరికి అనేవాళ్లు లేరు. దివాణం కథలు విని పెరిగానే గాని, అది దేనికి పనికొచ్చేదో నా కళ్లతో ఎప్పుడూ చూడలేదు. అది నాకు చూపించింది ఈ ముగ్గురే. నా దగ్గర సాయం తీసుకున్నామని వాళ్లు ఇప్పటికీ అంటుంటారు. రుణపడింది నేను. ఆ సంగతి నోటితో చెప్పడం నాకు చేతకాదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

మర్నాడు పొద్దున్నే ఆమె ఫోన్ చేసింది.

"మహారాణీ, నీ వల్లే ఇదంతా! మా ఆయన కుండీలో నిమ్మచెట్టు పెంచుతున్నాడు కదా, దాన్ని కత్తిరించడం చేతకాలేదని మా అన్న తిడుతున్నాడు. మిషిగన్ చలికి అలాగే కత్తిరించాలని ఈయన. ఇద్దరూ నా కుట్టు కత్తెర పట్టుకుపోయారు. పట్టు కోసే కత్తెర!"

"వెళ్లి లాక్కో."

"లాక్కోను," అంది. "అరుచుకోనీ. యాభై ఏళ్ల అరుపులు బాకీ ఉన్నాయి."

ఫోన్ పెట్టేయలేదు. చాలాసేపు ఇద్దరం వాళ్ల అరుపులు వింటూ కూర్చున్నాం.