బీరువా తెరిచిన వారం

మొన్న పట్టుచీరలు ఎండలో ఆరవేద్దామని పెట్టె తెరిస్తే కలరా ఉండల వాసన గుప్పుమంది. ఆ వాసనకు ఎవరికైనా పెళ్లిళ్లో పేరంటాలో గుర్తొస్తాయి. నాకు మాత్రం పాస్‌పోర్టు గుర్తొస్తుంది. సింగపూర్‌లో నా మొదటి ఉద్యోగం రోజుల్లో నా పాస్‌పోర్టూ, డిగ్రీ ఒరిజినల్సూ మా యజమాని సాంబశివరావు గారింట్లో, ఆయన భార్య పట్టుచీరల మధ్య, ఇనుప బీరువాలో ఉండేవి. నావే కాదు, ఆయన తీసుకొచ్చిన ప్రోగ్రామర్లందరివీ అక్కడే.

కంప్యూటర్ కోర్సు చేసినవాళ్లకల్లా విమానం టికెట్టు దొరికిన కాలమది. సాంబశివరావు గారు మమ్మల్ని మన ఊళ్ల నుంచి తెచ్చి అక్కడి బ్యాంకులకు అద్దెకిచ్చేవారు. ఇన్నేళ్లు పనిచేస్తామని రాసిచ్చిన బాండు తీరేదాకా మేం ఆయన మనుషులం. మగపిల్లలంతా యీషున్‌లో ఒకే ఫ్లాట్‌లో ఇరుక్కుని ఉండేవారు. ఆడపిల్లను నేనొక్కదాన్నే కాబట్టి బిషాన్‌లో సాంబశివరావు గారింట్లోనే ఒక గది ఇచ్చారు. బీరువా ఆ గదిలోనే. దాని పక్కనే పడుకునేదాన్ని, తాళంచెవి మాత్రం ఆయన భార్య, మా ఆంటీ కొంగున ఉండేది.

అలాగని ఆయన్ని చెడ్డవారంటే కళ్లు పోతాయి. ప్రతి ఆదివారం అందరినీ పిలిచి భోజనం పెట్టేవారు. గోంగూర పచ్చడి కోసం టెక్కా మార్కెట్ అంతా తిరిగేవారు. తనే గరిటె పట్టుకుని వడ్డిస్తూ, తన పాత కథ చెప్పేవారు. ఆయన మొదట వెల్డరుగా షిప్‌యార్డుకు వచ్చారట. మేస్త్రీ పాస్‌పోర్టు లాక్కుని ఇవ్వకపోతే, సొంత అన్న పెళ్లికి వెళ్లలేకపోయారట. "నేను పడ్డ కష్టాలు మీకు లేవుగా, ఇంకాస్త నెయ్యి వేసుకోండ్రా" అనేవారు. మేం వేసుకునేవాళ్లం. ఆ కథలోని మేస్త్రీ ఎవరో మాకూ తట్టలేదు, ఆయనకూ తట్టలేదు.

అలాంటి ఒక ఆదివారమే కరీంనగర్ కుర్రాడు వేణు విస్తరి ముందు కూర్చుని ఉన్నాడు. అతనికి పెళ్లి కుదిరింది. ముహూర్తం దగ్గరపడింది. బ్యాంకులో కొత్త సిస్టం మొదలయ్యే సమయమూ అదే. సాంబశివరావు అంకుల్ పప్పు వడ్డిస్తూ హుషారుగా చెప్పారు.

"ఏరా వేణూ, నీ బెంగ తీర్చేశా. మీ మామగారికి ఫోన్ చేసి ముహూర్తం వాయిదా వేయించా. సిస్టం అయ్యాక హాయిగా వెళ్దువుగాని."

కొందరు నవ్వారు. వేణు నవ్వలేదు.

"నా పెండ్లి అంకుల్. నన్నొక్కమాట అడగాల్నా, వద్దా?"

"నీ మంచికేరా. అన్నం పెడుతున్నవాణ్ణి, నీకు చెడు చేస్తానా?"

వంటింటి గుమ్మంలో నిలబడ్డ ఆంటీ అప్పుడు నోరు తెరిచారు. ఆవిడ నలుగురిలో భర్తకు ఎదురు చెప్పడం అంతకుముందు నేను చూడలేదు. "మీ అన్నయ్య పెళ్లి రోజున మీ మేస్త్రీ కూడా మీకు అన్నం పెట్టే ఉంటాడు" అన్నారు.

అంకుల్ గరిటె గిన్నెలో పెట్టేసి లేచి బాల్కనీలోకి వెళ్లిపోయారు. మేం ఎలాగో తిని బయటపడ్డాం. ఆ వారంలోనే ఒక సాయంత్రం ఆయన నా గది తలుపు తట్టి, "లోపలికి రావచ్చా సుజాతా?" అని అడిగారు. అది ఆయన ఇల్లు. బీరువా తీసి, నేల మీద కూర్చుని, ఒక్కో పాస్‌పోర్టూ తెరిచి ఫొటోలు చూశారు. నా ఫొటో దగ్గర ఆగి, "ఎంత చిన్నపిల్లవమ్మా!" అన్నారు. ఆయన కళ్లు తుడుచుకుంటుంటే నాకు ఏడుపొచ్చింది.

మళ్లీ ఆదివారం భోజనాలయ్యాక అందరినీ వరసగా కూర్చోబెట్టారు. శుభకార్యంలో ఇచ్చినట్టు తమలపాకులు, వక్కలు, అరటిపండ్లు, వాటి మీద ఎవరి పాస్‌పోర్టు, ఎవరి సర్టిఫికెట్లు వాళ్లకు రెండు చేతులా అందించారు. బాండు కాగితాలు మా ముందే చింపేశారు. "ఉండేవాళ్లు ఉండండి, వెళ్లేవాళ్లు వెళ్లండి. ఎవరికీ నాతో చెప్పుకోవాల్సిన పని లేదు" అన్నారు. వేణుతో మాత్రం, "మీ మామగారికి నేనే ఫోన్ చేసి తప్పయిందని చెప్తా. పాత ముహూర్తానికే వెళ్లు" అన్నారు. వేణు అలాగే వెళ్లాడు.

తర్వాతేం జరిగిందో దాచడమెందుకు? చాలామంది వెళ్లి నేరుగా బ్యాంకుల్లోనే చేరిపోయారు. నేనూ చేరాను. ఆయన కంపెనీ మూతపడింది. బిషాన్ ఇల్లు అమ్మేసి వుడ్‌ల్యాండ్స్‌లో చిన్న ఫ్లాట్‌కు మారి, వేరేవాళ్ల దగ్గర ఉద్యోగానికి కుదిరారు. ఒకసారి చూడ్డానికి వెళ్లినప్పుడు నేను ఆగలేక అనేశాను, "మమ్మల్ని వదిలిపెట్టి మీరెంత నష్టపోయారు అంకుల్! మీ అంత గొప్పవాళ్లు ఉండరు" అని.

ఆయనకు కోపమొచ్చింది. "వదిలిపెట్టడమేంటమ్మా! మీరు నా సొమ్మా, వదలడానికి? ఎవరిది వాళ్లకిచ్చా. అదీ ఆలస్యంగా. దానికి దండాలు పెట్టకు."

ఆయన ఒప్పుకోకపోయినా నేను ఆయనకు మనసులో దండం పెట్టుకుంటూనే ఉన్నాను. ఇప్పుడు నా కింద ఓ టీము పనిచేస్తోంది. పిల్లలు ఊరికి వెళ్లాలంటే నా బల్ల ముందు నిలబడి, అమ్మమ్మకు బాగోలేదనో, చెల్లి సీమంతమనో మొదలుపెడతారు. కారణం పూర్తి కాకుండానే ఆపేస్తాను. వెళ్లొస్తానని చెప్పండి చాలు, వెళ్లనా అని నన్ను అడక్కండి అంటాను.