మొదటి గడిలో రోజా రంగు బాటిల్

మొన్న ఆదివారం మా బడిలో కొత్తగా చేరిన టీచరమ్మ మా ఇంటికి వచ్చింది. నేను రిటైరై రెండేళ్లు దాటినా, పిల్లలతో ఏదైనా చిక్కొస్తే నా దగ్గరికి రావడం ఆ అమ్మాయికి అలవాటు. చేతిలో ట్రైనింగులో ఇచ్చిన నున్నటి అట్టముక్కల పెట్టె. ఒక్కో కథకు నాలుగు బొమ్మలు, వాటిని పిల్లలు వరసలో పేర్చాలి. విత్తనం, మొలక, చెట్టు, కాయ. "ఒకటో తరగతి పిలకాయలు ముందు కాయ పెట్టేస్తున్నారు మేడం. మొదట ఏందిరా అంటే కాయే అంటారు. ఎట్టా సరిచేసేది?" అని అడిగింది. జవాబు చెప్పబోతే నా నోట్లోంచి వేరే మాట వచ్చింది. "ఆ రోజు నేను ఆ పిల్లను కూర్చోమన్నాను" అన్నాను. ఆమె బిత్తరపోయింది. "ఏ పిల్లని మేడం? మొదట్నుంచి చెప్పండి" అంది. ముప్పై ఏళ్లు పిల్లలకు చెప్పిన మాటను ఆ పూట నేనే చెప్పించుకున్నాను.

సరే, మొదటి నుంచే చెప్తాను. కోట టౌను దాటి సముద్రం వైపు పోతే వచ్చే ఊళ్లలో మాదొకటి. బడికి మూడు వైపులా రొయ్యల చెరువులు. చెరువుల్లో నీళ్లను చిలికే ఏరియేటర్ల మోత పగలంతా చెవుల్లో పడుతూనే ఉండేది. నా గొంతు ఇంత పెద్దది కావడానికి ఆ మోతే కారణమని నేనంటాను. మా ఇంట్లోవాళ్లు ఒప్పుకోరు, పుట్టుకతో వచ్చిందే అంటారు. దానికి తోడు నాకు వరస పిచ్చి. బీరువాలో చీరలు రంగుల వరసలో ఉండాలి, సంచిలోంచి ముందు కళ్లజోడు రావాలి, తర్వాతే పెన్ను. అలాంటి మనిషి చేతికి ఒకటో తరగతి పిల్లల్ని ఇస్తే ఊరుకుంటుందా! ఇలాంటి అట్టముక్కలు అప్పట్లో మాకు లేవు. గచ్చు మీద సుద్దముక్కతో నాలుగు గడులు గీసి, పలకల మీద బొమ్మలు వేసి పేర్పించేదాన్ని. కథలు కూడా మా బడివే. చేతులు కడుక్కోవడం, పళ్లెం పట్టుకోవడం, అన్నం పెట్టించుకోవడం, గుడ్డు తినడం. ఒక్కో గడి దగ్గర ఆగి "తర్వాత?" అని అడిగేదాన్ని. తరగతంతా కోరస్‌గా చెప్పేది, ఒక్క పిల్ల తప్ప.

ఆ పిల్లకు ఆరేళ్లు. రెండు జడలు, ఊడిన ముందుపళ్లు, భుజాన ఎప్పుడూ రోజా రంగు నీళ్ల బాటిల్. వాళ్ల నాన్న కోట నుంచి తెచ్చిన ఆ బాటిల్‌ను నిద్రలో కూడా దించేది కాదని వాళ్లమ్మ చెప్పేది. గడుల దగ్గరికి పిలిస్తే ఆ పిల్ల ఎప్పుడూ గుడ్డు పలకనే మొదటి గడిలో పెట్టేది. "చేతులు కడక్కుండానే తింటావా?" అంటే, "కడుక్కుంటా టీచర్. అదంతా ఉండాది. గానీ ముందు గుడ్డే" అనేది. ఎంతసేపు చెప్పినా గుడ్డు కదిలేది కాదు. తన లెక్కలో ఏది పెద్దదో అదే మొదటిది. నాకు అది అప్పుడు తెలియలేదు, మొండితనం అనుకున్నాను. ఆ రోజు పొద్దున కూడా ఆ గడి మీద ఇంత పొడుగున ఇంటూ కొట్టి, అందరి ముందు "నీకు వరస ఎప్పటికి వస్తుందో!" అన్నాను.

దానికో చెల్లెలు, నాలుగేళ్లది. అంగన్‌వాడీలో నిలవకుండా అక్క వెంటపడి బడికి వచ్చేసేది. వంట చేసే అక్క దానికి సగం గుడ్డు పెట్టేది, నేను చూడనట్టు ఉండేదాన్ని. తల్లి రొయ్యల పట్టుబడి పనులకు పోయేది. పట్టుబడి అంటే చెరువులో నీళ్లు తగ్గించి, వలలేసి రొయ్యలను పట్టి, ఐసులో సర్ది వ్యాన్లకెక్కించడం. ఆ రోజు పట్టుబడి బడి వెనక చెరువులోనే. అన్నాలు తినగానే అక్కాచెల్లెళ్లిద్దరూ అమ్మను చూడ్డానికి కట్ట మీదికి పోయారు. బడి గంట కొట్టాక కాసేపటికి పెద్దది ఒక్కతే వచ్చింది. ముక్కు కారుతోంది, వెక్కుతోంది, భుజాన బాటిల్ లేదు. "టీచర్, నా బాటిల్ చెరువులో పోయినాది" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. "కట్ట మీదికి ఎవరు పొమ్మన్నారు నిన్ను? మీ అమ్మకు చెప్తానుండు. కూర్చో!" అన్నాను. ఆ పిల్ల ఇంకేదో చెప్పబోయింది. నేను అప్పటికే బోర్డు వైపు తిరిగిపోయాను.

గంట గడిచి ఉంటుంది. తల్లి తడి చీరతోనే గుమ్మంలోకి వచ్చి, "టీచరమ్మా, చిన్నదాన్ని పంపించు, ఇంటికి పోతాం" అంది. బిడ్డ బడిలో ఉందని ఆమె అనుకుంది. నేను మాత్రం చిన్నది ఎక్కడుందా అని అసలు ఆలోచించనే లేదు. "ఇక్కడ లేదే" అన్నాక ఆమె మొహం నేను చూడలేకపోయాను. బయటికి పరుగెత్తాం. పట్టుబడి జరిగిన చెరువు పక్కన నిండు చెరువు ఇంకొకటి ఉంది. దాని నడుమ రోజా రంగు బాటిల్ తేలుతోంది. తల్లి పెట్టిన కేక ఆ చుట్టుపక్కల చెరువులన్నింటికీ వినబడి ఉంటుంది. ఎవరో మోటార్లు కట్టేశారు. అన్నేళ్లుగా ఆ మోత వింటున్నానే గాని, అది ఆగిపోతే ఎలా ఉంటుందో ఆ రోజే తెలిసింది. మగవాళ్లు పది మంది చేతులు పట్టుకుని వరసగా నీళ్లలోకి దిగారు, కాళ్లతో అడుగు తడుముకుంటూ నడుస్తున్నారు. వాళ్లలో ఎవరైనా ఆగితే చాలు, నా గుండె కూడా ఆగుతోంది.

పెద్దదాన్ని అందరూ చుట్టుముట్టారు. "చెల్లెలు యాడ మే? నీళ్లలోకి దిగినాదా? చెప్పు మే!" అని ఒకరు భుజం పట్టి ఊపుతున్నారు, ఒకరు గడ్డం పట్టుకుంటున్నారు. అది "బాటిల్ చెరువులో పోయినాది" అన్న మాటే మళ్లీ మళ్లీ అంటోంది. "అయిపాయ, బాటిల్ కోసరం దిగినాది బిడ్డ" అని ఒక పెద్దాయన తలగుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ మాటతో తల్లి కూలబడిపోయింది. ఈ పిల్లను నా బడి నుంచి బయటికి పోనిచ్చింది నేను, వచ్చి చెప్తే వినకుండా కూర్చోబెట్టింది నేను. అప్పుడు, ఎందుకో తెలియదు, పొద్దుటి గుడ్డు గుర్తొచ్చింది. ముందు గుడ్డే టీచర్. ఈ పిల్ల మొదట చెప్పేది మొదట జరిగింది కాదు, చివర జరిగిందీ కాదు. తనకు అన్నింటికన్నా పెద్ద కష్టం ఏదో అది.

అందరినీ అరిచి దూరంగా పొమ్మన్నాను. నా గొంతు ఆ ఒక్కరోజు పనికొచ్చింది. కట్ట మీద మట్టిలో చతికిలబడి, పుల్లతో నాలుగు గడులు గీశాను. ఆ పిల్ల మొదటి గడి మీద వేలు పెట్టి, "బాటిల్" అంది. ఇంటూ కొట్టలేదు. "సరే అమ్మా, బాటిల్. బాటిల్ పడిపోయినప్పుడు చెల్లెలు ఏం చేసింది?" అన్నాను. అది తల్లి వైపు ఒకసారి దొంగచూపు చూసింది. తర్వాత నా చెవి దగ్గరికి వచ్చి, "ఏడ్చినాది టీచర్. అదే పారేసినాదని నేను కొట్టినా" అంది. నా చేతిలో పుల్ల విరిగింది. బాటిల్ నీళ్లలో పడ్డాక చిన్నది కట్ట మీదే ఉంది, ఏడుస్తూ ఉంది! "తర్వాత?" అన్నాను. "ఏడుపు మాన్పను దాక్కోమన్నా." "తర్వాత?" "తెల్లబండి ఎక్కినాది. నేను చూసినా. చూడనట్టు ఉన్నా, ఆట గదా." "తర్వాత తల్లీ?" "గంట కొట్టినారు. నేను వచ్చేసినా. బండి పోయినాది."

పట్టుబడికి ఆ రోజు రెండు వ్యాన్లు వచ్చాయి. సరుకు తక్కువ పడి, రెండోది ఖాళీ ట్రేలతో, మిగిలిన ఐసుతో వెనక్కి పోయింది. గాలి కూడా చొరకుండా తలుపు బిగిసే వ్యాను అది. బయట గడియ పెట్టి పోయిన డ్రైవరు లోపల ఎందుకు చూస్తాడు? చెరువు సూపర్‌వైజరు ఫోన్ కొట్టాడు. ఎత్తలేదు. మళ్లీ కొట్టాడు. ఎత్తలేదు. నీళ్లలో ఉన్నవాళ్లు ఉన్నచోటే నిలబడి మా వైపు చూస్తున్నారు. ఆ ఫోన్ రింగు ఎంత నిదానంగా మోగుతుందో నాకు ఆ రోజే అర్థమైంది. మూడోసారి ఎత్తి, "అన్నం తింటా ఉండా అన్నా, కోటలో" అన్నాడు డ్రైవరు. సూపర్‌వైజరు ఫోన్ నాకిచ్చాడు. "బండి తలుపు తియ్యి నాయనా, లోపల బిడ్డ ఉంది" అన్నాను. పరుగెత్తే కాళ్ల చప్పుడు. గడియ చప్పుడు. "ఉండాది టీచరమ్మా, ట్రేల సందులో ఉండాది. కదలడం లేదు" అని ఏడ్చేశాడు. ఎండలో పడుకోబెట్టమన్నాను, ఒళ్లు రుద్దమన్నాను, ఆస్పత్రికి పరుగెత్తమన్నాను. ఏది ముందు చెప్పానో, ఏది తర్వాత చెప్పానో నాకే తెలియదు. చివరికి ఫోన్లోంచి సన్నగా, కోపంగా ఒక ఏడుపు వినిపించింది. అంత మంచి చప్పుడు నేను నా జన్మలో వినలేదు.

నీళ్లలోంచి పైకొస్తూ ఒకాయన ఆ బాటిల్ తెచ్చి పెద్దదాని చేతిలో పెట్టాడు. అది బాటిల్ తీసుకుని, ఒళ్లో దాచుకుని, అప్పుడు అడిగింది: "చెల్లెలికి నేను కొట్టిన నొప్పి పోయినాదా టీచర్?" ఇంకొక్క పావుగంట గడిస్తే ఏమయ్యేదో ఆస్పత్రిలో డాక్టరు చెప్పబోతే, తల్లి వద్దని చేతులు జోడించింది. ఇప్పుడు ఆ పెద్దది నాయుడుపేటలో ఇంటర్ చదువుతోంది. చిన్నదానికి ఆ సంగతేమీ గుర్తులేదు, చల్లగా ఉండిందని తప్ప. ఊళ్లో అందరూ టీచరమ్మ తెలివితో బిడ్డ బతికిందంటారు. ఆ గంటసేపు బోర్డు మీద నేనేం రాశానో ఎవరూ అడగలేదు.

కొత్త టీచరమ్మ అట్టముక్కలు పెట్టెలో సర్దుకుంటూ, "అయితే కాయ ముందు పెడితే సరిదిద్దొద్దా మేడం?" అని అడిగింది. దిద్దమన్నాను, దిద్దే ముందు మాత్రం ఆ కాయ సంగతేమిటో అడగమన్నాను. ఆమె పోయాక ఒక్కదాన్నే గుమ్మంలో కూర్చున్నాను. ఆ రోజు తర్వాత పదేళ్లు ఒకదాని వెనక ఒకటి బుద్ధిగా వరసలోనే గడిచిపోయాయి. నేను "కూర్చో" అన్న ఆ గంట మాత్రం, ఎన్నిసార్లు తీసి దాని చోట పెట్టినా, వచ్చి మొదటి గడిలోనే కూర్చుంటుంది.