మీసాలు లేని పీత

ఆ జాడీని మార్చమన్నది నేనే. చెప్పాల్సిన రోజున ఆ మాట చెప్పలేదు. తర్వాత ఆరేళ్లు కూడా చెప్పలేదు.

డెబ్బైల మొదట్లో, మొఘల్‌పురా దగ్గరి ఒక కాలేజీలో జంతుశాస్త్రం ప్రాక్టికల్స్ చేయించే టెంపరరీ ఉద్యోగం నాది. అక్కడి మ్యూజియం అటెండరును అందరం చాచా అనేవాళ్లం. ఆయన చదువుకోలేదు. కానీ ఏళ్ల తరబడి జాడీలు తుడుస్తూ, ఫార్మలిన్ తగ్గితే పోస్తూ, మూతల అంచులకు మైనం పెడుతూ వాటిలోని ప్రతి ప్రాణినీ కాళ్లతో సహా ఎరిగినవారు.

ఒక మధ్యాహ్నం రొయ్యలు, పీతలు ఉండే అల్మారాలోంచి పెద్ద జాడీ తెచ్చి నా ముందు పెట్టారు. లోపల సముద్రపు రాచపీత. గుర్రపు డెక్కలాంటి డొప్ప, పొడవాటి సూదిలాంటి తోక.

"సార్, గిది ఎండ్రికాయ కాదు. మీసాలు లెవ్వు జూడుండ్రి" అన్నారు.

"మీసాలేంది చాచా?"

"రొయ్యకు రెండు జతలు. ఎండ్రికాయకు చిన్నగున్నా రెండు జతలే. బొద్దింకకు ఒక్క జత. తేలుకు, సాలీడుకు అస్సలే లెవ్వు. దీనికి గూడ లెవ్వు. మరి గిది తేళ్ల ఖాందానే గద?"

నేను నున్నగా గడ్డం, మీసం గీయించుకునేవాణ్ణి. "అయితే నేను గూడ తేలునేనా?" అన్నాను.

"కుడితే తెలుస్తది సార్" అని నవ్వారు.

సాయంత్రం లైబ్రరీలో పుస్తకం తీశాను. చాచా చెప్పిందే నిజం. ఆయన మీసాలన్నవి స్పర్శశృంగాలు. సాలీళ్లకూ తేళ్లకూ అవి ఉండవు, నోటి ముందు చిన్న పట్టకార్ల వంటి అవయవాలు ఉంటాయి. రాచపీతకూ అవే ఉన్నాయి. మేమంతా చీటీ మీద పేరు చదివి సరిపెట్టుకున్నాం. చాచాకు చదవడం రాదు కాబట్టి జంతువును చూశారు.

మర్నాడు "తేళ్ల పక్కన పెట్టెయ్యండి చాచా, డిపార్ట్‌మెంట్ హెడ్‌కు నేను చెప్తా" అన్నాను. రేపు, ఎల్లుండి అనుకుంటూ చెప్పలేదు.

వారం తిరక్కుండానే ఇన్‌స్పెక్షన్ వచ్చింది. వచ్చినవాళ్లకు మ్యూజియం చూపిస్తూ హెడ్ తేళ్ల అల్మారా తెరిచారు.

"పీతను తేళ్లలో పెట్టిందెవరు?"

నా ఉద్యోగం పొడిగించే కాగితం ఆయన బల్ల మీదే ఉంది. చాచా నావైపు ఒక్కసారి చూశారు.

"నేనే సార్. గల్తీ అయింది."

"అక్షరమ్ముక్క రాదు, నీకెందుకయ్యా ఈ శాస్త్రం?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ సాయంత్రమే చాచా దగ్గర మ్యూజియం తాళాలు తీసుకుని ఆయన్ని గేటు దగ్గరికి పంపారు. జాడీ మళ్లీ పీతల్లోకి వెళ్లింది. నా ఉద్యోగం పర్మనెంటయింది. పిల్లలకు అల్మారాలు చూపించేటప్పుడు ఆ ఒక్క జాడీని దాటేసేవాణ్ణి.

హెడ్ రిటైరై మ్యూజియం నా చేతికొచ్చాక, ఒక ఆదివారం దబీర్‌పురాలో చాచా ఇంటికి వెళ్లాను. చాయ్ చల్లారేదాకా తలొంచుకుని అంతా చెప్పాను. మాఫ్ చెయ్యమన్నాను.

"మీ నౌకరీ పోతదనే గద ఊకున్న. గండ్ల ఫికర్ లేదు" అన్నారు. చాయ్ కప్పు నావైపు జరిపి, "కాని సార్, ఇజ్జత్ గాడ పోయింది. మాఫీ ఈడ, నా ఇంట్ల చెప్తే ఏం ఫాయిదా? గా నవ్వినోళ్లకెట్ల తెలుస్తది?" అన్నారు.

నాకు కోపం రాలేదు. ఏం చెయ్యాలో ఆరేళ్లకు తెలిసింది.

సోమవారం పొద్దున లెక్చరర్లనూ విద్యార్థులనూ మ్యూజియంలోకి పిలిచాను. ఆనాడు నవ్వినవాళ్లలో ముగ్గురు ఇంకా ఉన్నారు. చాచా గేటు నుంచి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డారు. లోపలికి రమ్మని నా పక్కన నిలబెట్టుకున్నాను. ఇక నుంచి మ్యూజియం ఆయనదేనని చెప్పాను. అందరికీ వినపడేలా అన్నాను:

"ఆరేళ్ల కింద ఈ జాడీని తేళ్ల పక్కన పెట్టమన్నది నేను. ఇది పీత కాదని కనిపెట్టింది చాచా. నా ఉద్యోగం కోసం నోరు మూసుకున్నాను, మీతో కలిసి నవ్వాను. చాచా, తప్పు నాది. మాఫ్ చెయ్యండి."